కోళ్ళు పాటించిన అమావాస్య

2001 వర్షాకాలంలో, రాజమండ్రి జిల్లా కోర్టులో నడుస్తున్న ఒక కాపీరైటు దావాలో నన్ను అడ్వొకేటు కమిషనరుగా వేశారు. కమిషనరు అంటే పెద్ద హోదా అనుకునేరు. జడ్జి గారు కుర్చీ వదిలి ఊళ్ళ వెంట తిరగలేరు కాబట్టి తమ కళ్ళకు బదులుగా ఒక లాయరును పంపుతారు, అంతే. వెళ్ళినవాడు ఉన్నది ఉన్నట్టు చూసి, రాసి, రిపోర్టు దాఖలు చేయాలి. తన అభిప్రాయం కలపకూడదు. ఏ పక్షానికీ సాక్ష్యం పోగుచేసి పెట్టకూడదు. అప్పటిదాకా నేను వెళ్ళిన కమిషన్లన్నీ పొలం గట్ల తగాదాలు, పొలాలకు నీళ్ళు పారే పంటబోదెల తగాదాలు, పక్కవాడి స్థలంలోకి జరిగిన ప్రహరీ గోడలు. సర్వేయరు గొలుసు పట్టుకుంటే నేను గొడుగు పట్టుకుని వెనక నడిచేవాణ్ణి. ఈసారి వారంటులో "ప్రతివాది విక్రయించిన కంప్యూటరు ప్రోగ్రామును తనిఖీ చేసి" అని ఉంది. దానికి గట్టు ఎక్కడుంటుందో, ఏ గొలుసుతో కొలవాలో నాకు తెలియదు. తెలియని పని కాబట్టే ఒప్పుకున్నాను. గట్లు చూసి చూసి విసిగిపోయి ఉన్నాను.

వాది పేరు పద్మజ. సొంత ఊరు మొగల్తూరు. భీమవరంలో చిన్న కంప్యూటరు సెంటరు నడిపేది. వాళ్ళ నాన్నకు రొయ్యల చెరువులుండేవి. రొయ్యకు రోజూ ఎంత మేత వేయాలన్నది అప్పట్లో పెద్ద చిక్కు. తక్కువైతే రొయ్య ఎదగదు, ఎక్కువైతే మిగిలిన మేత అడుగున కుళ్ళి నీరు పాడవుతుంది. చెరువులో రొయ్యపిల్ల వేసి ఎన్నాళ్ళయింది, ఇప్పుడు సగటు బరువెంత, ఎన్ని బతికి ఉన్నాయి అన్నవి చెబితే ఆ రోజు మేత ఎంతో చెప్పే ప్రోగ్రామును ఆవిడ రాసింది. భీమవరం చుట్టుపక్కల రైతులు, మేత దుకాణాలవాళ్ళు కొనుక్కున్నారు. ఊరూరా తిరిగి దాన్ని కంప్యూటర్లలో ఎక్కించడానికి రవికుమార్ అనే కుర్రవాణ్ణి పెట్టుకుంది. చెరువు దగ్గర ఏదైనా మార్పు అవసరమైతే అక్కడికక్కడే చేసుకోమని, ప్రోగ్రాము మూలపాఠం ఉన్న ఫ్లాపీలు కూడా అతని చేతికిచ్చింది. సోర్సు కోడ్ అంటారే, అది. ఒప్పంద పత్రం లేదు. అతని మీద ఆవిడకు అంత నమ్మకం.

ఏడాది తిరక్కుండా రవికుమార్ రాజమండ్రిలో సొంత ఇన్‌స్టిట్యూటు తెరిచాడు. అనపర్తి వైపు కోళ్ళ ఫారాలకు మేత లెక్క చెప్పే ప్రోగ్రాము అమ్మడం మొదలుపెట్టాడు. ఇది తనదేనని పద్మజ నోటీసిచ్చింది. అతను ఊరుకోలేదు. అసలు రొయ్యల ప్రోగ్రాము కూడా తానే రాశానని, ఆవిడ తన దగ్గర అంకెలు టైపు చేసిన మనిషి మాత్రమేనని ఎదురు నోటీసిచ్చాడు. అంతటితో ఆగకుండా ఆవిడ ఖాతాదారులందరికీ, మీరు వాడుతున్నది దొంగ సరుకు, మీ మీదా కేసు పడవచ్చు అని ఉత్తరాలు రాశాడు. రైతులు కోర్టు పేరు వింటేనే బెదురుతారు. ఒక్కొక్కరే పద్మజను వదిలేయడం మొదలైంది. నేను ఆవిడను మొదటిసారి చూసినప్పటికి సెంటరు మూసే పరిస్థితిలో ఉంది. వ్యాపారం పోయినా మళ్ళీ పెట్టుకోవచ్చు గానీ, భీమవరంలో దొంగ అన్న పేరుతో బతకలేనని వాళ్ళ లాయరుతో అనడం నా చెవిన పడింది.

చదివేవారి కోసం చట్టం సంగతి కొంచెం చెప్పాలి. కంప్యూటరు ప్రోగ్రామును మన కాపీరైటు చట్టం సాహిత్య కృతి కింద లెక్కగడుతుంది. పద్యకావ్యానికి ఎంత రక్షణ ఉందో రొయ్యల మేత లెక్కకూ అంతే ఉంది. మొదటిసారి చదివినప్పుడు నేను నవ్వుకున్నాను గానీ, కాస్త ఆలోచిస్తే సబబే అనిపించింది. రెండూ ఒక మనిషి కూర్చుని రాసినవే. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. రాసిన క్షణం నుంచే హక్కు పుడుతుంది. కాపీరైటు దావాలు మునసబు కోర్టులో వేయడానికి లేదు, జిల్లా కోర్టులోనే వేయాలి. ఇంతవరకు బాగానే ఉంది. చిక్కంతా ఎక్కడంటే, చట్టం ఆలోచనను కాపాడదు, ఆ ఆలోచనను రాసిన తీరునే కాపాడుతుంది. మేతకు లెక్క కట్టాలన్న ఆలోచన ఎవరి సొత్తూ కాదు. ప్రతివాది లాయరు దాన్నే పట్టుకున్నాడు. కూడికలు, హెచ్చవేతలు ఎవడు వేసినా ఒకటే జవాబు వస్తుంది, అందువల్ల దొంగతనం అంటగడతారా అని కోర్టులో గట్టిగా అడిగాడు. జడ్జి గారికి ఆ మాట బాగానే తగిలింది. మూలపాఠం ఇద్దరి దగ్గరా ఉంది. తేదీలు మార్చడం చిటికెలో పని. ఎవరు రాశారో ఎలా తేల్చడం?

మొదటి వారంటు మేరకు నేను వెళ్ళింది బుల్లిరెడ్డి గారి కోళ్ళ ఫారానికి. రవికుమార్ దగ్గర ప్రోగ్రాము కొన్నవాళ్ళలో ఆయన పెద్ద ఆసామి. నాతో వాది లాయరు, ప్రోగ్రామును గుర్తుపట్టడానికి పద్మజ, సాక్షులుగా ఊళ్ళోని ఇద్దరు పెద్దమనుషులు ఉన్నారు. ముందే తెలిస్తే ప్రోగ్రాము చెరిపేస్తారని ఆ ఉత్తర్వు ప్రతివాదికి చెప్పకుండా ఇచ్చారు. అయితే పని మొదలుపెట్టాక అతనికి ఫోను చేసి పిలిపించాలని జడ్జి గారు షరతు పెట్టారు. ఫోను చేయించాను. వచ్చేలోపు తెర మీద కనిపించినదల్లా రాసుకోవడం మొదలుపెట్టాను.

ఉత్సాహం త్వరగానే చల్లారింది. పద్మజ ప్రోగ్రాములో చెరువు అని ఉన్నచోట ఇక్కడ షెడ్డు అని ఉంది. రంగులు వేరు, వరసలు వేరు. పోలిక ఉందంటే ఉంది, లేదంటే లేదు. ఆవిడ ముఖం చిన్నబోయింది. నేను చేయగలిగింది ప్రోగ్రామును ఫ్లాపీల్లోకి నకలు తీసి సీలు వేయడం. అలవాటు ప్రకారం లక్క వెలిగించి ఫ్లాపీ మీదికి వంచబోయాను. దస్తావేజులకు, సారా సీసాలకు, ఒకసారి గునపానికి కూడా సీలు వేసిన చెయ్యి అది. పద్మజ కెవ్వున అరిచి నా చెయ్యి పట్టుకుంది.

"వేడి తగిల్తే లోపలున్నదంతా పోద్దండి! కవర్లో పెట్టి కవరుకెయ్యండి, మీకు దండం పెడతాను!"

కమిషనరు చెయ్యి పట్టుకోవచ్చా అని వాది లాయరు కంగారుపడ్డాడు. నాకు మాత్రం ఆవిడ మీద గౌరవం కలిగింది. దళసరి కవరు తెప్పించి దాని మీదే లక్క పోశాను.

ఆ గొడవకు నవ్వుతూ బుల్లిరెడ్డి గారు అందరికీ టీలు తెప్పించారు. కోర్టువాళ్ళు తన ఆఫీసులో దూరారన్న కోపం ఆయనలో లేదు. తన కంప్యూటరును నలుగురు చూస్తున్నారన్న సంబరమే ఎక్కువగా ఉంది. ఇది మీకు బాగా పనికొస్తోందా అని మర్యాదకు అడిగాను.

"ఏమాటకామాటే చెప్పుకోవాలండి. కంప్యూటరంటే ఏంటో అనుకున్నాను గానీ, దీనికి తిథులు కూడా తెలుసండి. అమావాస్యకీ, పున్నానికీ మేత దానంతటదే తగ్గిచ్చేస్తాదండి. నాలుగో వంతు కోసేస్తాది."

కోళ్ళకు మేత ఎందుకు తగ్గించాలని అడిగాను. నిజంగా తెలుసుకోవాలనే అడిగాను.

"అమావాస్య పట్టు మరి. మనం పాటించట్లేదా, కోళ్ళూ అంతేనండి. ఆ తర్వాత రెండ్రోజులు గుడ్లు కూడా తగ్గుతాయండి. ఇదివరకు మేం గమనించలేదు. కంప్యూటరొచ్చాకే తెలిసింది."

మేత తగ్గితే గుడ్లు తగ్గవా అని నా నోటిదాకా వచ్చింది. ఆపుకున్నాను. ఆయన అంత నమ్మకంగా చెబుతుంటే కాదనడం కమిషనరు పని కాదు. ఇంతలో పద్మజ టీ గ్లాసు బల్ల మీద పెట్టేసి లేచి నిలబడింది.

"అది కోడిది కాదండి. రొయ్యదండి!"

అమావాస్య, పౌర్ణమి రోజుల్లో రొయ్య కుబుసం విడుస్తుందని చెరువులవాళ్ళ నమ్మకం, అనుభవం కూడా. పాత పెంకు వదిలి కొత్తది గట్టిపడేదాకా అది సరిగ్గా తినదు. అందుకని ఆ తిథుల్లో మేత తగ్గించడం భీమవరం, నరసాపురం ప్రాంతాల్లో ప్రతి చెరువు మీదా ఉన్న పద్ధతి. దాన్ని పద్మజ తన ప్రోగ్రాములో పెట్టింది. రవికుమార్ చెరువును షెడ్డు చేశాడు, రొయ్యను కోడి చేశాడు. లోపలెక్కడో పేరూ ఊరూ లేని నాలుగు లైన్ల అంకెలు అతనికి అర్థం కాలేదు. తీసేస్తే ఏం చెడుతుందోనని వదిలేసి ఉంటాడు. దాంతో అనపర్తి వైపు కోళ్ళన్నీ పక్షానికోసారి రొయ్యల కోసం పస్తుంటున్నాయి.

నాకు నవ్వు ఆగలేదు. బుల్లిరెడ్డి గారు మాత్రం నవ్వలేదు. గోడకున్న క్యాలెండరు వైపు, తర్వాత షెడ్ల వైపు, తర్వాత నా వైపు చూశారు. అప్పుడే రవికుమార్ మోటారుసైకిలు దిగాడు. ఏదో జరిగిందని అతనికి అర్థమైంది గానీ ఏమిటన్నది నేను చెప్పలేదు, ఎవరినీ చెప్పనివ్వలేదు. బుల్లిరెడ్డి గారు చెప్పిన మాటలను ఆయన చేతనే సంతకం పెట్టించి రిపోర్టుకు జతచేశాను. స్థలం చూడడానికి వెళ్ళిన కమిషనరు అవసరమైతే వాఙ్మూలం తీసుకోవచ్చు, సివిల్ ప్రొసీజరు కోడ్ అందుకు వీలిస్తుంది. దాని అర్థం ఏమిటన్నది నేను రాయలేదు.

దావా అంతటితో ముగిసిందనుకున్నాను. పొరపాటు. రిపోర్టు నకలు చూసిన ప్రతివాది కౌంటరు వేశాడు. చాలా తెలివైన కౌంటరు. అవును, మేత తగ్గేమాట నిజమే. కోళ్ళ రైతులు అమావాస్య, పౌర్ణమి పాటించే ఆస్తికులు. వాళ్ళు అడిగితే పంచాంగం చూసి నేనే పెట్టాను. అది మా ప్రాంతపు ఆచారం, ఇందులో రొయ్యకు సంబంధమేముంది, అన్నాడు. బుల్లిరెడ్డి గారి వాఙ్మూలంలో అమావాస్య పట్టు అన్న మాట ఉండనే ఉంది. నేను రాసిన కాగితమే పద్మజకు అడ్డం తిరిగింది. ఆ రోజు కోర్టు హాలు బయట బల్ల మీద ఆవిడ ఒక్కతే కూర్చుని ఉంది. కమిషనరు ఏ ఒక్క పక్షంతోనూ విడిగా మాట్లాడకూడదు. తల వంచుకుని పక్కనుంచి వెళ్ళిపోయాను. లోపల మాత్రం చాలా బాధపడ్డాను.

వాది లాయరు కొత్త పిటిషను వేశాడు. రెండు ప్రోగ్రాములనూ పక్కపక్కన నడిపి చూడాలని కోరాడు. కంప్యూటరులో తేదీని ముందుకు జరిపితే అమావాస్య ఎప్పుడంటే అప్పుడే వస్తుంది కదా అన్నాడు. ప్రతివాది లాయరు ఒప్పుకోలేదు. తేదీ మారిస్తే లోపలి ఫైళ్ళ మీద గుర్తులు మారతాయి, రేపు ఏది అసలో ఏది నకిలీయో ఎవరు చెబుతారు అన్నాడు. నిజం చెప్పాలంటే ఆ అభ్యంతరం సరైనదే. జడ్జి గారు కాసేపు కలం తిప్పి, అయితే నిజం అమావాస్య వచ్చేదాకా ఆగుదాం అన్నారు. ఆ రోజు ఇరుపక్షాల సమక్షంలో రెండింటినీ నడిపి చూడమని మళ్ళీ నా పేరే రాశారు.

ఇక అక్కడి నుంచి మొదలైంది నా అవస్థ. మా జిల్లాలో అమావాస్య నాడు కొత్త దావా దాఖలు చేయరు, కొత్త జూనియరు ఆఫీసులో అడుగుపెట్టడు. మొదటిసారి వచ్చిన ఇద్దరు పెద్దమనుషులూ ఈసారి ఊళ్ళో లేమని కబురు పంపారు. ఊళ్ళోనే ఉన్నారని నాకు తెలుసు. వేరే ఇద్దరిని బతిమాలి కారెక్కించాను. పిటిషను వేసిన వాది లాయరే పొద్దున్న ఫోను చేసి, వర్జ్యం వెళ్ళాక బయల్దేరితే ఎలా ఉంటుందని నసిగాడు. కోర్టు ఉత్తర్వులో వర్జ్యం లేదు, రావయ్యా అన్నాను. బుల్లిరెడ్డి గారు గేటు దగ్గరే ఎదురయ్యారు.

"ఇవాళ కంప్యూటరు ముట్టుకోవద్దండి. శుభమా అని రేపు రండి, నేనే దగ్గరుండి చూపిస్తాను."

ఈ రోజు కోసమే ఇన్నాళ్ళు ఆగామని చెప్పాను. పద్మజ వైపు ఒకసారి చూసి, ఏమనుకున్నారో, దారి ఇచ్చారు.

దావాతో పాటు పద్మజ దాఖలు చేసిన ఫ్లాపీలను కోర్టు నుంచి సీలుతో తెచ్చాను. వేరే కంప్యూటరు తెప్పించి వాటిని అందులో ఎక్కించాం. రెండు యంత్రాల్లోనూ తేదీ సరిగ్గా ఉందని అందరి చేతా చూపించి సంతకాలు తీసుకున్నాను. ఒకదాంట్లో చెరువు వివరాలు, రెండోదాంట్లో షెడ్డు వివరాలు కొట్టించాను. జవాబులు వచ్చాయి.

రెండింటిలోనూ మేత తగ్గలేదు.

బుల్లిరెడ్డి గారు క్యాలెండరు దగ్గరికి వెళ్ళి చూసి వచ్చారు. అమావాస్య ఈ రోజే. రవికుమార్ ముందుకు వంగి గబగబా మీటలు నొక్కబోతే ఆపాను. "తగ్గాలండి, తగ్గాలి. వైరస్సేదో పట్టినట్టుంది," అన్నాడు. అతని మాటలో అబద్ధం లేదు. అతను మాలాగే తెల్లబోయాడు. వాది లాయరైతే నన్ను చూడలేక కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఆ గదిలో కంగారు పడనిది ఒక్క పద్మజ.

అప్పుడు నాకు ఒక ఆలోచన వచ్చింది. ఇద్దరినీ పక్క గదిలోకి ఒకరి తర్వాత ఒకరిని, రెండు పక్షాల లాయర్ల ఎదుటే పిలిచి ఒకే ప్రశ్న అడిగాను. రేపు పొద్దున్న ఇదే ప్రోగ్రాము ఏం చెబుతుంది? రవికుమార్ ముందు తడబడ్డాడు. అతని లాయరు మోచేత్తో పొడిచాక, ఇవాళ తగ్గనిది యంత్రంలో లోపమని, రేపు పాడ్యమి కాబట్టి మామూలు మేతే చూపిస్తుందని చెప్పాడు. పద్మజ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"రేపు తగ్గుద్దండి. నేను పంచాంగం పెట్టలేదు. ఒక అమావాస్య నుంచి ఇంకో అమావాస్యకి సగటున ఎంత దూరమో అదే కూడుకుంటూ పోయాను. చంద్రుడు ఒకసారి తొందరగా నడుస్తాడు, ఒకసారి నెమ్మదిగా నడుస్తాడు. సగటు లెక్క కాబట్టి కొన్ని నెలల్లో ఒక రోజు అటూ ఇటూ అవుద్ది. రొయ్యకి ఒక రోజు తేడా పర్లేదండి, అవి కూడా అన్నీ ఒకే రోజు కుబుసం విడవవు. అందుకే దిద్దలేదు."

ఈ నెల ఒక రోజు వెనకబడుతుందని ముందే తెలుసా అని అడిగాను. తెలుసని, తన లాయరుకు చెబితే అమావాస్య అంటే అమావాస్యేనని కొట్టిపారేశారని చెప్పింది. ఆ లాయరు పక్కనే ఉన్నాడు. దగ్గాడు.

చిక్కల్లా నా వారంటు ఆ ఒక్క రోజుకే. మర్నాడు అదే గదిలో నేనుంటే దారిన పోయే మనిషి కింద లెక్క. రెండు కంప్యూటర్లనూ కదలకుండా కట్టించి, తలుపుకు తాళం వేసి, తాళం మీద గుడ్డ చుట్టి సీలు వేసి, కారులో రాజమండ్రి వెళ్ళాను. కోర్టు లేచేలోపు గడువు పొడిగించమని మెమో వేశాను. జడ్జి గారు ఇద్దరి జవాబులూ చదివి, ముఖం మీద ఏ భావమూ లేకుండా మర్నాటికి అనుమతి ఇచ్చారు. అంతకుముందు సీలు వేస్తున్నప్పుడు బుల్లిరెడ్డి గారికి మాత్రం కోపం వచ్చింది. తన ఆఫీసుకు అమావాస్య పూట సీలు పడటమేంటి, కోళ్ళకు మేత లెక్క ఎవరు చెబుతారు అని గుమ్మంలోనే నిలదీశారు. షెడ్డుకు ఎంత వేయాలో పద్మజ అక్కడే నోటిలెక్క కట్టి ఆయన మేస్త్రీకి చెప్పింది. నేను విననట్టే ఉన్నాను.

మర్నాడు పొద్దున్నే సీళ్ళు చెక్కుచెదరలేదని అందరూ చూసి సంతకం చేశాక తలుపు తీశాం. పద్మజ అంతవరకు ధైర్యంగానే ఉంది గానీ, యంత్రం గుర్రుమని లేచేసరికి పమిట కొంగు పిడికిట్లో బిగించింది. ముందు ఆవిడ ప్రోగ్రాము నడిపించాను. మేత నాలుగో వంతు తగ్గింది. అది ఆవిడ చెప్పినట్టే. ఇప్పుడు రెండోది. బుల్లిరెడ్డి గారు స్వయంగా షెడ్డు వివరాలు కొట్టారు. ఆయన వేలు ఒక్కో మీట వెతుక్కుంటూ వెళుతుంటే నాకు ప్రాణం పోయినంత పనైంది.

నాలుగో వంతు తగ్గింది.

బుల్లిరెడ్డి గారు తెర చూసి, వెనక్కి తిరిగి రవికుమార్‌ను అడిగారు. "అమావాస్య నిన్నెల్లిపోయింది కదా అబ్బాయ్? పంచాంగం చూసి రాశానన్నావు. ఇది ఏ పంచాంగం?"

రవికుమార్ ఏదో పేరు చెప్పబోయాడు. అతని లాయరు అతని భుజం మీద చెయ్యి వేసి ఆపేశాడు. ఆ లాయరు మంచి లాయరు, ఎక్కడ ఆగాలో తెలిసినవాడు. జరిగింది జరిగినట్టు రాసి అందరి సంతకాలూ తీసుకున్నాను. నా అభిప్రాయం ఒక్క ముక్క కూడా కలపలేదు. కలపాల్సిన అవసరం కూడా లేదు. పద్మజ వరండాలోకి వెళ్ళి, కోళ్ళ రొదలో ఎవరికీ వినిపించదనుకుందేమో, గట్టిగా ఏడ్చేసింది.

తీర్పు క్లుప్తంగా ఉంది. సగటు లెక్క అందరిదీ. కానీ దాన్ని ఏ అమావాస్య నుంచి మొదలుపెట్టాలి, ఎంత తగ్గించాలి, ఎక్కడ తేడా వచ్చినా ఫరవాలేదు అని తేల్చి రాసిన తీరు వాదిది. అదే తీరు, అదే తేడాతో సహా, అవసరం లేని చోట కనిపించింది కాబట్టి నకలే. ప్రోగ్రాము అమ్మకూడదని శాశ్వత ఇంజంక్షన్ ఇచ్చారు. అన్నిటికంటే ముఖ్యమైనది చివరి పేరా. ఎవరెవరికి ఉత్తరాలు రాశాడో వాళ్ళందరికీ, ఇది పద్మజ రాసినదని, తన మాట తప్పని రవికుమార్ మళ్ళీ రాయాలి. భీమవరంలో ఆ ఉత్తరం అందుకున్న మేత దుకాణం ఆయన ఒకరు దాన్ని కొట్టు గోడకు అంటించారని విన్నాను.

తర్వాత ఒకసారి బుల్లిరెడ్డి గారు వేరే పని మీద మా ఆఫీసుకు వచ్చి చెప్పిన సంగతి ఇది. ఆయన భీమవరం వెళ్ళి, కోళ్ళకు సరైన ప్రోగ్రాము రాసిపెట్టమని పద్మజనే అడిగారట. అన్నీ మార్చినా అమావాస్యకు మేత తగ్గించడం మాత్రం ఉంచమన్నారట. ఎంతైనా అలవాటైన ఆచారం. ఎంత చెప్పినా ఆవిడ ఒప్పుకోలేదట.

"ఏమందో తెలుసాండి? ఇదివరకు నా పేరు లేకుండా మీ కోళ్ళు పస్తున్నాయి, అది నా తప్పు కాదు. ఇప్పుడు దాని మీద నా పేరుంటాది, ఒక్క కోడి పస్తున్నా అది నా తప్పే. మీరు వేరేవాళ్ళ దగ్గర రాయించుకోండి, అందండి."

చివరికి ఆవిడ మాటే నెగ్గిందని, గుడ్లు తగ్గడం ఆగిందని, అమావాస్య పట్టు పోయిందేమోనని ఆయన ఇంకా కొంచెం దిగులుగానే చెప్పారు.

ఆ దావా తర్వాత నా దగ్గరికి ఇలాంటి కేసులు చాలా వచ్చాయి. సినిమా సీడీలు, కాలేజీ నోట్సులు, మేత బస్తాల మీద బొమ్మలు. వచ్చిన ప్రతి మనిషినీ నేను ముందు ఒకటే అడిగేవాణ్ణి. ఇది మీదే అంటున్నారు కదా, ఇందులో తప్పెక్కడుంది, అది ఎందుకు ఉంది, చెప్పండి అని. సొంతంగా చేసినవాడు వెంటనే చూపించేవాడు, కొంచెం సిగ్గుపడుతూనో, కొంచెం విసుక్కుంటూనో. నకలు కొట్టినవాడు తప్పేమీ లేదని వాదించేవాడు. ఆ ప్రశ్న ఏ చట్టంలోనూ లేదు. నాకు అది ఒక పాడ్యమి పొద్దున్న, కోళ్ళ ఫారంలో దొరికింది.